స్పోర్ట్స్ కార్లు, మైలేజీ చట్టాలు, కాలుష్య నిబంధనలు: తరచుగా అడిగే ప్రశ్నలు

స్పోర్ట్స్ కార్ల గురించి నలుగురు కలిస్తే ఇప్పుడు ఒకటే మాట: రూల్స్ వచ్చి కార్లను పాడుచేశాయని. అందులో నిజం సగమే. ఏ నిబంధన ఏ కారును ఏం చేసిందో విడివిడిగా చూడాలి. వేగానికి ఏ లోటూ రాలేదు, పైగా పెరిగింది. దెబ్బ తగిలింది బరువుకు, చప్పుడుకు, ధరకు. మామూలు జీతంతో కొనుక్కోగలిగే చిన్న స్పోర్ట్స్ కారు మీదైతే దెబ్బ ఇంకా గట్టిగా పడింది.

మైలేజీ నిబంధన, కాలుష్య నిబంధన రెండూ ఒకటేనా?

కాదు. చాలామంది గందరగోళపడేది ఇక్కడే. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. దాన్ని పట్టి ఆపే ఫిల్టర్ కారులో ఉండదు. తగ్గించాలంటే పెట్రోలు తక్కువ కాల్చడం తప్ప వేరే దారి లేదు. అందుకే అమెరికాలో మైలేజీ అన్నా, యూరప్‌లో కిలోమీటరుకు ఇన్ని గ్రాములన్నా లెక్క ఒకటే.

నైట్రోజన్ ఆక్సైడ్లు, కార్బన్ మోనాక్సైడ్, కాలని హైడ్రోకార్బన్లు, మసి కణాల సంగతి వేరు. వీటిని క్యాటలిటిక్ కన్వర్టర్, ఫిల్టర్ చాలావరకు ఆపేస్తాయి. యూరో 6, యూరో 7 అనేవి వీటి నిబంధనలు. శబ్దానికి ఇంకో చట్టం ఉంది, దాని గురించి కింద చెబుతాను. మూడింటికీ స్పోర్ట్స్ కారు ఒక్కసారే జవాబు చెప్పాలి. ఒకదాని కోసం చేసిన మార్పు ఇంకోదానికి అడ్డం పడుతుంది కూడా. ఫిల్టర్ పెడితే మసి తగ్గుతుంది, కానీ పొగ బయటికి పోవడానికి ఇంజిన్ ఎక్కువ కష్టపడాలి.

పరిమితి ఒక్కో కారుకా, కంపెనీ మొత్తానికా?

విషవాయువుల పరిమితి ప్రతి కారుకూ ఉంటుంది. దాటితే ఆ మోడల్ అమ్మకానికే రాదు. కార్బన్ డయాక్సైడ్ మాత్రం కంపెనీ ఆ ఏడాది అమ్మిన కార్లన్నిటి సగటు మీద లెక్క. యూరోపియన్ యూనియన్‌లో 2025 లక్ష్యం కిలోమీటరుకు 93.6 గ్రాములు, అంటే పెట్రోలు కారైతే లీటరుకు దాదాపు 25 కిలోమీటర్లు. ఒక్కో కంపెనీకి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. దాటిన ప్రతి గ్రాముకూ, అమ్మిన ప్రతి కారుకూ 95 యూరోల జరిమానా.

ఇప్పుడు 250 గ్రాములు వదిలే ఒక స్పోర్ట్స్ కారును తీసుకోండి. అది లక్ష్యాన్ని 156 గ్రాములు దాటింది. ఆ ఒక్క కారు వల్ల కంపెనీ నెత్తిన పడే బరువు దాదాపు 14,900 యూరోలు. అదే కంపెనీ ఎలక్ట్రిక్ కారు అమ్మితే దానికి సున్నా, అంటే 93.6 గ్రాములు మిగిలినట్టు. లెక్క వేస్తే మూడు స్పోర్ట్స్ కార్లకు ఐదు ఎలక్ట్రిక్ కార్లు అమ్మాలి. ఎలక్ట్రిక్ కార్లు బాగా అమ్ముడయ్యే కంపెనీ స్పోర్ట్స్ కారును మోయగలదు, లేనిది మోయలేదు. ఒక మోడల్ ఎందుకు ఆగిపోయిందని ఆరా తీస్తే చాలాసార్లు కారణం ఆ కారులో ఉండదు, పక్కన షోరూంలో ఏం అమ్ముడుపోతోందో అందులో ఉంటుంది.

అందుకే 2019లో ఫియట్ క్రైస్లర్ తన లెక్కను టెస్లా లెక్కతో కలుపుకుని అందుకు డబ్బు కట్టింది. అంతకుముందు 2011లో ఆస్టన్ మార్టిన్ ఇంకో దారి పట్టింది. చిన్న టొయోటా ఐక్యూ కారుకు తన గ్రిల్లు, తోలు సీట్లు పెట్టి సిగ్నెట్ అని అమ్మింది. పన్నెండు సిలిండర్ల వీ12 కార్ల సగటును ఈ బుల్లి కారు కిందికి లాగుతుందని ఆశ. ఎవరూ పెద్దగా కొనలేదు, 2013లో ఆపేశారు. నిబంధనలు కంపెనీల చేత ఎన్ని వేషాలు వేయిస్తాయో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

అమెరికా పద్ధతి వేరా?

వేరే. 1973 చమురు సంక్షోభం తర్వాత 1975లో కేఫ్ చట్టం వచ్చింది, అంటే కంపెనీ అమ్మే కార్ల సగటు మైలేజీకి కనీస హద్దు పెట్టేది. ఇప్పుడు అక్కడ లక్ష్యం కారు నేల మీద ఆక్రమించే వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. పెద్ద బండికి సడలింపు, చిన్నదానికి కఠినం. చిన్న ఒంట్లో పెద్ద ఇంజిన్ పెట్టుకున్న స్పోర్ట్స్ కారుకు ఇది శాపం.

దానికి తోడు 1978 చట్టంతో వచ్చిన గ్యాస్ గజ్లర్ పన్ను ఒకటి, అంటే పెట్రోలు ఎక్కువ తాగే కార్ల మీద పన్ను. మైలేజీ గ్యాలనుకు 22.5 మైళ్ల కన్నా తగ్గితే 1,000 డాలర్ల నుంచి మొదలై 7,700 దాకా పోతుంది. విడ్డూరం ఏంటంటే ఈ పన్ను ఎస్‌యూవీలకు, పికప్ ట్రక్కులకు లేదు. రెండున్నర టన్నుల ఎస్‌యూవీకి మాఫీ, దానికన్నా ఎంతో తేలికైన రెండు తలుపుల కూపేకి వడ్డన!

ఈ పన్ను తప్పించుకోవడానికి 1989 కార్వెట్‌లో ఒక చిత్రమైన ఏర్పాటు చేశారు. ఆరు గేర్ల మాన్యువల్ బండి. ఇంజిన్ వేడెక్కాక, యాక్సిలరేటర్ మెల్లగా తొక్కుతూ మొదటి గేరు నుంచి రెండో గేరుకు లివర్ లాగితే అది రెండులో పడదు. లోపల ఒక సోలెనాయిడ్, అంటే కరెంటుతో కదిలే చిన్న గడియ, ఆ దారి మూసేస్తుంది, లివర్ జారి నేరుగా నాలుగో గేరులోకి పోతుంది. ఇంజిన్ ఆర్‌పీఎం తగ్గి, పరీక్షలో మైలేజీ పెరుగుతుంది. గట్టిగా తొక్కితే మాత్రం అడ్డు తొలగిపోతుంది, ఎందుకంటే పరీక్షలో ఎవరూ గట్టిగా తొక్కరు. కొన్నవాళ్లు చేసే మొదటి పని ఆ సోలెనాయిడ్‌ను పనిచేయకుండా చేసే చిన్న ముక్క తెచ్చి బిగించడం.

2025 జులైలో వచ్చిన చట్టంతో కేఫ్ జరిమానాను సున్నా చేశారు. నిబంధన కాగితం మీద ఉంది, కోరలు పీకేశారు. గ్యాస్ గజ్లర్ పన్ను మాత్రం ఆ చట్టంతో పోలేదు, అది వేరే.

ఇలాంటి గండం ఇదే మొదటిసారా?

కాదు. 1970 క్లీన్ ఎయిర్ చట్టం తర్వాత అమెరికన్ ఇంజిన్లు ఒక్కసారిగా నీరసించాయి. 1975 కార్వెట్‌లో 5.7 లీటర్ల వీ8 ఇచ్చింది 165 హార్స్‌పవర్. ఈ రోజుల్లో ఆ మాత్రం చిన్న టర్బో హ్యాచ్‌బ్యాక్ ఇస్తుంది. అయితే 1972లో పవర్ కొలిచే పద్ధతి కూడా మారింది కాబట్టి పాత అంకెలతో నేరుగా పోలిస్తే పతనం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది.

జపాన్‌లో 2002 ఆగస్టు మరీ దారుణం. కొత్త కాలుష్య పరిమితులు అమల్లోకి రావడంతో మాజ్డా ఆర్‌ఎక్స్-7, టొయోటా సూప్రా, నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్, సిల్వియా ఒకే వేసవిలో ఆగిపోయాయి. ఈ రోజు అభిమానులు కళ్లకద్దుకునే జపాన్ కార్ల జాబితా దాదాపు అంతా అదే. ఇంజినీర్లు రెండుసార్లూ కోలుకున్నారు, అమెరికాలోనైతే ఫ్యూయల్ ఇంజెక్షన్, కంప్యూటర్ నియంత్రణ వచ్చి. కాబట్టి ఇక అంతా అయిపోయిందని ఎవరైనా అంటే నేను అంత తొందరగా నమ్మను.

ఇంజిన్లు చిన్నవై, అన్నిటికీ టర్బోలు ఎందుకు వచ్చాయి?

పరీక్షలో కారును నెమ్మదిగా నడుపుతారు. అప్పుడు చిన్న ఇంజిన్ తక్కువ తాగుతుంది. పవర్ కావాలన్నప్పుడు టర్బో గాలి నింపుతుంది. 2015లో పోర్షే 911 కరెరా, ఫెరారీ 488 రెండూ టర్బోకు మారింది ఇందుకే. రోడ్డు మీద గట్టిగా తోలితే ఆ ఆదా చాలావరకు ఆవిరైపోతుంది. యూరప్ 2017లో పరీక్షను నిజమైన డ్రైవింగ్‌కు ఇంకొంచెం దగ్గరగా ఉండే డబ్ల్యూఎల్‌టీపీ పద్ధతికి మార్చి, రోడ్డు మీద కొలిచే పరీక్షను కూడా తెచ్చాక ఈ వెసులుబాటు కొంత తగ్గింది.

కొన్ని కొత్త ఇంజిన్లు మళ్లీ పెద్దవయ్యాయి కదా. ఏంటి సంగతి?

మంచి ప్రశ్న. దీనికి కాస్త లోపలికి వెళ్లాలి. పెట్రోలు పూర్తిగా కాలాలంటే ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి కావాలి, బరువులో. ఇంజినీర్లు దీన్ని లాంబ్డా 1 అంటారు. క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేసేది ఈ నిష్పత్తిలోనే. కానీ టర్బో ఇంజిన్‌ను పూర్తిగా తొక్కినప్పుడు పొగ వేడి ఎంత పెరుగుతుందంటే టర్బైన్ రెక్కలు, కన్వర్టర్ కరిగేంత. దానికి ఇన్నాళ్లూ వాడిన చిట్కా పెట్రోలు అదనంగా చిమ్మడం. ఆ పెట్రోలు కాలదు, ఆవిరై లోపలి వేడిని లాగేస్తుంది. నిండు పవర్‌లో వెళ్తున్న టర్బో కారు తన పెట్రోల్లో కొంత కూలెంట్‌గా వాడుకుంటుందన్నమాట.

అలా కాలని పెట్రోలు, కార్బన్ మోనాక్సైడ్ బయటికి పోతాయి. నిబంధనలు కఠినమయ్యేకొద్దీ ఈ చిట్కాకు దారి మూసుకుపోతోంది. అది లేకపోతే అదే ఇంజిన్ నుంచి అంత పవర్ తీయలేం. 2024లో వచ్చిన 911 జీటీఎస్ దీనికి పోర్షే ఇచ్చిన జవాబు. ఇంజిన్‌ను 3.0 నుంచి 3.6 లీటర్లకు పెంచారు. టర్బో ఇరుసు మీదే ఒక ఎలక్ట్రిక్ మోటార్ కూర్చోబెట్టారు, గేర్‌బాక్స్‌లో ఇంకోటి. బ్యాటరీ 1.9 కిలోవాట్ అవర్లే, అంటే ఇంచుమించు మామూలు కారు బ్యాటరీ సైజు. మొత్తం 541 హెచ్‌పీ, పాతదానికన్నా పెరిగిన బరువు 50 కిలోలే. ఇంజిన్ దాదాపు ఎప్పుడూ లాంబ్డా 1లోనే నడుస్తుంది. ఈ దశాబ్దంలో నిబంధనలకు తలొగ్గి కూడా స్పోర్ట్స్ కారుగానే మిగిలిన ఇంజినీరింగ్ పని ఏదంటే నేను దీన్నే చూపిస్తాను.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ పెడితే సమస్య తీరిపోదా?

కాగితం మీద తీరిపోతుంది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటే పెట్రోలు ఇంజిన్‌తో పాటు, ప్లగ్ పెట్టి చార్జ్ చేసుకునే బ్యాటరీ, మోటార్ కూడా ఉన్న కారు. 2024లో వచ్చిన బీఎమ్‌డబ్ల్యూ ఎం5 చూడండి. వీ8 ఇంజిన్, 727 హెచ్‌పీ, బరువు 2,400 కిలోల పైనే. దీని ముందు తరం రెండు టన్నుల లోపే ఉండేది. విడుదలైనప్పుడు దీని అధికారిక కార్బన్ డయాక్సైడ్ లెక్క 40 గ్రాముల లోపు! ఒక టన్ను బరువు, 1.5 లీటర్ల ఇంజిన్ ఉన్న మాజ్డా ఎంఎక్స్-5 మాత్రం 140 గ్రాముల దగ్గర ఉంటుంది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే చట్టం ఏ కారును దువ్వుతోందో, ఏ కారును గెంటుతోందో తెలిసిపోతుంది.

పరీక్షలో ప్లగ్-ఇన్ కారు ఎక్కువ దూరం చార్జింగ్ మీదే తిరుగుతుందని లెక్క కట్టేవారు. యూరోపియన్ కమిషన్ 2024లో నిజమైన రోడ్డు లెక్కలు తీసి చూస్తే ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు అధికారిక అంకెకు సగటున మూడున్నర రెట్లు వదులుతున్నాయని తేలింది. 2025 నుంచి కొత్త మోడళ్లకు లెక్క కట్టే పద్ధతి మార్చారు, అంకెలు పెరుగుతున్నాయి.

బరువు వల్ల పోయేది స్టీరింగ్ చేతిలో ఇచ్చే ఫీల్. బ్రేకులు, టైర్లు, స్ప్రింగులు అన్నీ పెద్దవి కావాలి, అవి మళ్లీ బరువు పెంచుతాయి. మెర్సిడెస్-ఏఎమ్‌జీ సీ63కి వీ8 తీసేసి నాలుగు సిలిండర్ల హైబ్రిడ్ పెట్టారు. పవర్ 680 హెచ్‌పీకి పెరిగింది, బరువు రెండు టన్నులు దాటింది. అభిమానుల నుంచి తిట్లు తప్పలేదు.

కొత్త కార్ల చప్పుడు ఎందుకు చచ్చుబడింది?

రెండు కారణాలు. 2018 నుంచి యూరప్‌లో పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే కార్లకు దాదాపు అన్నిటికీ మసి కణాల ఫిల్టర్ వచ్చింది. సన్నని రంధ్రాల సిరామిక్ దిమ్మె అది. మసితో పాటు శబ్దంలోని పదునును కూడా మింగేస్తుంది. రెండోది శబ్దం మీదే ఉన్న ఐక్యరాజ్యసమితి నిబంధన, 51వది. మామూలు కార్లకు పరీక్షలో 72 డెసిబెళ్లతో మొదలై మూడు దశల్లో 68కి దిగుతుంది. బాగా శక్తిమంతమైన, కిందికి ఉండే స్పోర్ట్స్ కార్లకు 75 నుంచి 72. డెసిబెల్ లెక్కలో మూడు తగ్గడమంటే శబ్ద శక్తి సగమవడం. నిస్సాన్ జీటీ-ఆర్ 2022లో యూరప్ వదిలి వెళ్లింది ఈ శబ్ద నిబంధన వల్లే.

కానీ ఉదయం స్టార్ట్ చేయగానే అదే కారు గర్జిస్తుంది, గమనించారా? అది కాలుష్య నిబంధన పుణ్యమే. క్యాటలిటిక్ కన్వర్టర్ పని మొదలుపెట్టాలంటే 250, 300 డిగ్రీల వేడి కావాలి. అందుకని కంప్యూటర్ ఐడిల్ ఆర్‌పీఎం పెంచి, స్పార్క్ ఆలస్యం చేసి, వేడి పొగను కావాలనే కన్వర్టర్ వైపు తోస్తుంది. నిమిషం లోపే సద్దుమణుగుతుంది. పక్కింటివాళ్లు విసుక్కునే ఆ చప్పుడు గాలిని శుభ్రంగా ఉంచే ప్రయత్నమని వాళ్లకు చెప్పి చూడండి!

ఆగిపోయిన స్పోర్ట్స్ కార్లన్నీ కాలుష్య నిబంధనల వల్లేనా?

అదీ కాదు. పెట్రోలు పోర్షే 718 యూరప్ మార్కెట్ నుంచి 2024లో తప్పుకున్నది సైబర్ భద్రత నిబంధన వల్ల. పాత ఎలక్ట్రానిక్స్‌ను మార్చడం గిట్టుబాటు కాలేదు. టొయోటా జీఆర్86 అదే ఏడాది వెళ్లిపోయింది డ్రైవర్ సహాయ పరికరాలు తప్పనిసరి చేసిన భద్రతా నిబంధన వల్ల. మాజ్డా ఆర్‌ఎక్స్-8 మాత్రం 2010లో యూరప్ నుంచి అచ్చంగా యూరో 5 వల్లే పోయింది. పిస్టన్ల బదులు రోటర్ తిరిగే దాని రోటరీ ఇంజిన్ సీళ్ల కోసం కొంచెం ఆయిల్‌ను కావాలనే కాలుస్తుంది, దానికి మందు లేదు.

మరి ఫెరారీ వీ12 ఇంకా ఎలా అమ్ముతోంది?

తక్కువ అమ్ముతుంది కాబట్టి. యూరప్‌లో ఏడాదికి 1,000 కార్ల లోపు అమ్మే కంపెనీకి కార్బన్ లక్ష్యమే లేదు. 1,000 నుంచి 10,000 లోపు ఉంటే సొంత లక్ష్యం అడిగి తెచ్చుకోవచ్చు, ఈ సడలింపు 2035 చివరిదాకా ఉంది. ఇటలీ కంపెనీలకు పనికొచ్చేది కాబట్టి పత్రికలు దీన్ని ఫెరారీ సవరణ అన్నాయి. ఫెరారీ 2024లో ప్రపంచమంతా కలిపి అమ్మింది 13,752 కార్లు, అందులో యూరోపియన్ యూనియన్ వాటా కొంతే. అందుకే 12చిలిండ్రి 6.5 లీటర్ల వీ12తో, టర్బో లేకుండా, హైబ్రిడ్ లేకుండా వచ్చింది. బ్రిటిష్ డిజైనర్ గోర్డన్ ముర్రే కంపెనీ చేసిన వీ12 కారు టీ.50 ఇంజిన్ 12,100 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది, చేసింది 100 కార్లే.

ఈ సడలింపు తప్పని నేను అనను. వందల్లో అమ్ముడయ్యే కార్లు, అవీ ఎక్కువ రోజులు గ్యారేజీలో ఉండేవి, గాలికి చేసే చెరుపు చాలా తక్కువ. కానీ అదే తర్కం ఏడాదికి కొన్ని వేలు అమ్ముడయ్యే చవకైన స్పోర్ట్స్ కారుకు వర్తించదు, ఎందుకంటే దాన్ని చేసేది లక్షల కార్ల కంపెనీ.

అంటే చవకైనవే ముందు పోతున్నాయా?

అవును. హ్యుందాయ్ ఐ20 ఎన్, ఐ30 ఎన్ 2024లో యూరప్ నుంచి పోయాయి. హోండా సివిక్ టైప్ ఆర్ 2025లో ఆఖరి ఎడిషన్‌తో అక్కడ వీడ్కోలు చెప్పింది. హైబ్రిడ్ వ్యవస్థ, ఫిల్టర్, పరీక్షల ఖర్చు రెండు లక్షల యూరోల కారులో కలిసిపోతుంది. ముప్పై వేల యూరోల కారుకు అది తడిసి మోపెడవుతుంది.

పన్నులు కూడా అంతే. ఫ్రాన్స్‌లో 2025 లెక్క ప్రకారం 192 గ్రాములు దాటిన కారు రిజిస్ట్రేషన్‌కు 70,000 యూరోల పన్ను. నాలుగు లక్షల యూరోల సూపర్‌కారు కొనేవాడు దాన్ని ఒక ఆప్షన్ ప్యాకేజీలా చూస్తాడు. అరవై వేల యూరోల వీ8 కూపే కొనేవాడికి కారు ధరకన్నా పన్నే ఎక్కువ.

యూరో 7 వస్తే ఏమవుతుంది?

అనుకున్నంత భయం అక్కర్లేదు. 2026 నవంబర్ 29 నుంచి కొత్త మోడళ్లకు, ఏడాది తర్వాత అమ్మే కొత్త కార్లన్నిటికీ వర్తిస్తుంది. పొగ పరిమితులు యూరో 6లో ఉన్నవే. కానీ 10 నానోమీటర్ల చిన్న కణాలను కూడా లెక్కపెడతారు, కారు పది ఏళ్లు లేదా 2 లక్షల కిలోమీటర్ల దాకా శుభ్రంగా ఉండాలి. మొదటిసారి బ్రేకు దుమ్ముకు పరిమితి పెట్టారు: పెట్రోలు, హైబ్రిడ్ కార్లకు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు, ఎలక్ట్రిక్‌కు 3. బరువైన, గట్టిగా బ్రేకు కొట్టే కార్లకు ఇది తలనొప్పే. సిరామిక్ డిస్కులున్న ఖరీదైన కారు ఇక్కడా కొంచెం హాయిగా ఉంటుంది.

2035 తర్వాత పెట్రోలు స్పోర్ట్స్ కారు ఉంటుందా?

2023లో ఆమోదించిన యూరప్ చట్టం ప్రకారం 2035 నుంచి కొత్త కార్ల సగటు సున్నా కావాలి. 2025 డిసెంబర్‌లో యూరోపియన్ కమిషన్ దాన్ని 90 శాతం తగ్గింపుగా మార్చాలని ప్రతిపాదించింది. ఆ మిగిలిన పది శాతంలోనే పెట్రోలు, హైబ్రిడ్ కార్లకు చోటు. ఎంత చిన్న చోటైనా అందులోకి ముందు దూరేది లాభం ఎక్కువిచ్చే ఖరీదైన కార్లేనని నా అంచనా.

కృత్రిమ ఇంధనం మీద పోర్షే ఆశ పెట్టుకుంది. చిలీ దక్షిణ కొసన హారు ఓని దగ్గర గాలిమరల కరెంటుతో పెట్రోలు తయారుచేసే ప్లాంటు 2022 డిసెంబర్‌లో మొదలైంది. పాత కార్లలో పోసుకోవచ్చు, నిజమే. కానీ ఆ కరెంటును నేరుగా బ్యాటరీకి ఎక్కిస్తే కారు చాలా రెట్లు ఎక్కువ దూరం పోతుంది. రోజువారీ కార్లకు ఇది గిట్టదు. ట్రాక్ మీద వారాంతం నడిపే కారుకు గిట్టొచ్చు.

ఎలక్ట్రిక్ స్పోర్ట్స్ కారు సరైన జవాబు కాదా?

వేగానికి సరైన జవాబే. రిమాక్ నెవెరా 1,914 హార్స్‌పవర్ ఇస్తుంది. తేలికదనానికి ఇంకా కాలేదు. హ్యుందాయ్ ఐయానిక్ 5 ఎన్‌లో లేని గేర్లను ఉన్నట్టు కుదుపుతో సహా అనుకరిస్తారు. విన్నప్పుడు నవ్వొస్తుంది కానీ నడిపినవాళ్లు చాలామంది మెచ్చుకున్నారు. బరువు మాత్రం 2.2 టన్నులు. ఖరీదైన ఎలక్ట్రిక్ స్పోర్ట్స్ కార్లకు గిరాకీ అనుకున్నంత లేకపోవడంతో పోర్షే కూడా 2025లో తన ప్రణాళిక సవరించుకుని 718 స్థానంలో వచ్చే కారు పై వేరియంట్లలో పెట్రోలు ఇంజిన్ కొనసాగిస్తామంది.

నా దగ్గరున్న పాత కారు మీద ఈ నిబంధనలు పడతాయా?

పడవు. కొత్తగా అమ్మే కార్లకే ఇవి. కానీ నగరాల్లో తిరగడానికి వేరే ఆంక్షలు ఉంటాయి. లండన్ యూలెజ్‌లో, అంటే పొగ ఎక్కువ వదిలే బండ్లకు రుసుము వేసే ప్రాంతంలో, యూరో 4 కన్నా పాత పెట్రోలు కారుకు రోజుకు 12.50 పౌండ్లు. 2006 తర్వాతి పెట్రోలు స్పోర్ట్స్ కార్లు దాదాపు అన్నీ గట్టెక్కుతాయి, 40 ఏళ్లు దాటిన క్లాసిక్‌లకూ మినహాయింపు ఉంది. మధ్యలో ఉన్న 1990ల కార్లే ఇరుక్కుంటాయి.

క్యాటలిటిక్ కన్వర్టర్, ఫిల్టర్ తీసేయిస్తే పవర్ పెరుగుతుందంటారు. చేయించొచ్చా?

టర్బో కారుకు కొంచెం పెరుగుతుంది. అమెరికాలో క్లీన్ ఎయిర్ చట్టం కింద, యూరప్‌లో వాహన తనిఖీ నిబంధనల కింద రోడ్డు కారుకు ఇది చట్టవిరుద్ధం. చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది, తనిఖీలో ఫెయిలవుతుంది, అమ్మేటప్పుడు రేటు పడిపోతుంది. ఒకవేళ ఇప్పటికే తీసేసిన కారు కొంటుంటే అసలు పార్టు కూడా ఇమ్మని అడగండి. కొత్తది కొనాలంటే లోపల ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి కాబట్టి బిల్లు చూసి గుండె ఆగినంత పనవుతుంది.

కొనాలనుకుంటున్నాను. ఇప్పుడే కొననా, ఆగనా?

తేలికైన, మాన్యువల్, టర్బో లేని కారు మీ మనసులో ఉంటే ఆగడం వల్ల ఒరిగేదేమీ లేదు. అవి తగ్గుతున్నాయే తప్ప పెరగట్లేదు. ఫిల్టర్ రాకముందు, అంటే 2018కి ముందు తయారైన యూరప్ మోడల్ దొరికితే చప్పుడు కోసమైనా చూడండి. కొత్త హైబ్రిడ్ అయితే ఒక తరం ఆగమంటాను. 911 తరహా చిన్న బ్యాటరీ పద్ధతిని మిగతా కంపెనీలు అందుకుంటే బరువు తగ్గుతుంది. ప్లగ్-ఇన్ కొనేముందు అది రిజిస్టరయ్యే దేశంలో పన్ను ఏ అంకె మీద వేస్తారో, ఆ అంకె పాత లెక్కదో కొత్త లెక్కదో డీలర్‌ను రాతపూర్వకంగా అడగండి. ఒకే కారుకు ఆరు నెలల తేడాతో రెండు వేరే అంకెలు ఉండే అవకాశం ఉంది.